గిటారు మెడకు ఆస్ట్రేలియా దేశవాళీ కలపలు: ఎంపికలో పరిశీలించవలసిన గుణాలు

ఎలక్ట్రిక్ గిటారులో తీగలు సాగే సన్నని కర్ర భాగాన్ని మెడ అంటారు. వీణలో దండి చేసే పనినే ఇది చేస్తుంది. సాధారణంగా వాడే 648 మి.మీ. తీగ పొడవు గల గిటారుకు పలుచని ఉక్కు తీగలు ఆరింటిని శ్రుతి చేసినప్పుడు వాటి మొత్తం లాగుడు సుమారు 46 కిలోల బరువుకు సమానం. ఇరవై రెండు మిల్లీమీటర్ల మందం గల కర్ర ఈ లాగుడును పగలూ రాత్రీ, ఏళ్ల తరబడి భరించవలసి ఉంటుంది. తీగల కింద మెడకు ఉండదగిన వంపు పావు మిల్లీమీటరు ప్రాంతంలో ఉంటుంది. అది అర మిల్లీమీటరు పెరిగితే చాలు, వాయించేవారి వేలికి తెలిసిపోతుంది. ఇంటి దూలం ఒక సెంటీమీటరు కుంగినా ఎవరికీ కనిపించదు. అందువల్ల కలప గుణాలను బోధించడానికి గిటారు మెడకు మించిన ఉదాహరణ అరుదు.

పరిశ్రమ చాలాకాలం రెండు కలపల మీదనే ఆధారపడింది. ఒకటి ఉత్తర అమెరికాకు చెందిన గట్టి మేపుల్, రెండవది మధ్య, దక్షిణ అమెరికాలకు చెందిన మహాగని. పెద్దాకు మహాగని 2003 నవంబరు నుండి అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందంలోని రెండవ అనుబంధంలో ఉన్నది. ఫింగర్‌బోర్డులకు వాడే రోజ్‌వుడ్‌ల ప్రజాతి డాల్బెర్జియా మొత్తం 2017 జనవరిలో అదే అనుబంధంలో చేరింది. తయారైన సంగీత వాద్యాలకు 2019లో మినహాయింపు లభించినా, ముడి కలపకు అనుమతి పత్రాల అవసరం పోలేదు. ఆస్ట్రేలియా కూడా 2012లో అక్రమ కలప నిషేధ చట్టాన్ని తెచ్చింది. ఈ పరిస్థితిలో అక్కడి తయారీదారులు స్వదేశీ వృక్షాల వైపు మరింతగా మొగ్గు చూపడం సహజమే. అయితే ఈ ప్రయత్నం కొత్తది కాదు. 1946లో మెల్‌బోర్న్‌లో ప్రారంభమైన మేటన్ సంస్థ తొలినాళ్ల నుండీ స్థానిక కలపలతో గిటార్లు చేస్తున్నది. అదే నగరంలో తరువాత వచ్చిన కోల్ క్లార్క్ కూడా ఆ మార్గంలోనే నడిచింది.

బరువు, బిగువు, మందం

మెడకు పనికివచ్చే కలపలో మొదట చూడవలసినది సాంద్రత, స్థితిస్థాపక గుణకాల పొందిక. గట్టి మేపుల్ సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 705 కిలోలు, స్థితిస్థాపక గుణకం 12.6 గిగాపాస్కల్‌లు. మహాగనికి ఇవి సుమారు 590, 10. ఆస్ట్రేలియా కలపలలో క్వీన్స్‌లాండ్ మేపుల్‌కు సుమారు 560, 10.8 కాగా, బ్లాక్‌వుడ్‌కు 640 కిలోలు, 13 గిగాపాస్కల్‌ల ప్రాంతం. బ్లాక్‌వుడ్ గట్టి మేపుల్ కంటె తేలిక అయి కూడా బిగువులో దానికి తీసిపోదని దీనివల్ల తెలుస్తుంది. క్వీన్స్‌లాండ్ మేపుల్ అంకెలు మహాగని పక్కన నిలుస్తాయి.

ఈ అంకెలను చూసి జాతులకు వరుసలో మార్కులు వేయడం మాత్రం తొందరపాటు. దీర్ఘచతురస్రపు కర్ర వంపును నిరోధించే శక్తి దాని మందపు ఘనంతో పెరుగుతుంది. వెడల్పు మారకుండా మందాన్ని 22 మి.మీ. నుండి 20 మి.మీ.కు తగ్గిస్తే బిగువులో పావు వంతు పోతుంది. గట్టి మేపుల్‌కు బదులు క్వీన్స్‌లాండ్ మేపుల్ వాడితే కలిగే లోటును పూడ్చడానికి ఒక మిల్లీమీటరుకు కాస్త పైగా మందం పెంచితే సరిపోతుంది. అంటే కలప జాతిపై సాగే వాదోపవాదాలలో చాలా భాగం వడ్రంగి చిత్రిక రెండుసార్లు ఎక్కువగా నడిపాడా, తక్కువగా నడిపాడా అన్నంత తేడాకు సంబంధించినవి. పైగా, 1920ల నుండి మెడ లోపల ఉక్కు కడ్డీని అమర్చే పద్ధతి ఉన్నది. దానిని బిగించి మెడ వంపును సరిచేసుకోవచ్చు.

అయినా కలప ఎంపిక వ్యర్థం కాదు. కడ్డీ ముందుకు వంగిన మెడను వెనుకకు లాగగలదు గాని, మెలితిరిగిన మెడను సరిచేయలేదు. మెలిక వంకర నారల నుండి, సరిగా ఆరని కలప నుండి పుడుతుంది. కాబట్టి ఏ జాతి అన్న ప్రశ్నకంటె, మొద్దులో ఏ భాగం, ఏ కోత, ఎంత ఆరబెట్టినది అన్న ప్రశ్నలకే ఎక్కువ విలువ ఇవ్వాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నాదం విషయంలో కూడా ఒక మాట. ఎలక్ట్రిక్ గిటారులో అయస్కాంతపు పికప్ తీగ కదలికనే గ్రహిస్తుంది, చెక్క కదలికను కాదు. మెడ తన సహజ పౌనఃపున్యం వద్ద తీగ నుండి శక్తిని లాగివేసినప్పుడు ఆ మెట్టు మీది స్వరం త్వరగా అణగిపోతుంది. జర్మనీలో ఫ్లైషర్, జ్విక్కర్ 1990లలో ఇటువంటి మృతస్థానాలను కొలిచి, మెడ కంపనంతో వాటికి గల సంబంధాన్ని చూపారు. కలప నాదాన్ని స్పష్టంగా ప్రభావితం చేసే మార్గం ఇది. ఇంతకు మించి ఫలానా కలపది ‘వెచ్చని’ స్వరం, ఫలానా దానిది ‘మెరిసే’ స్వరం అని అమ్మకపు పత్రాలలో కనిపించే వర్ణనలను శాస్త్రవిద్యార్థి ప్రమాణంగా గ్రహించనవసరం లేదు.

ప్రధాన జాతులు

క్వీన్స్‌లాండ్ మేపుల్ (ఫ్లిండర్సియా బ్రేలియానా) పేరులో మేపుల్ ఉన్నా, నిజానికి నిమ్మ, నారింజల కుటుంబమైన రూటేసీకి చెందినది. ఉత్తర క్వీన్స్‌లాండ్ వర్షారణ్యాలు దీని పుట్టినిల్లు. గులాబి ఛాయ గల గోధుమ రంగు చేవ, మధ్యస్థమైన బరువు, ఆరిన తరువాత కుదురుగా నిలిచే గుణం దీనిని మెడకు అనువుగా చేస్తున్నాయి. లోపమంతా నారలలో ఉన్నది. వరుస వరుసకు దిశ మార్చే అల్లిక నారల వల్ల చిత్రిక పట్టేటప్పుడు పెళ్లలు లేస్తాయి. వెలుగులో అలలుగా మెరిసే పలకలు చూపుకు అందమైనవే గాని, ఆ అల అంటేనే నార పొడవు దిశ నుండి పక్కకు తిరిగిందని అర్థం. పొడవుకు పదింట ఒక వంతు నార పక్కకు ఒరిగితే కలప వంపు బలంలో దాదాపు ఐదవ వంతు తగ్గుతుంది. కాబట్టి అలల పలకను గిటారు దేహానికి వదిలి, సాదాసీదా తిన్నని పలకను మెడకు తీసుకోవడం వివేకం.

బ్లాక్‌వుడ్ (అకేసియా మెలనోజైలాన్) మన తుమ్మకు దూరపు బంధువు. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ తరువాత అకేసియా అన్న పేరు ఆస్ట్రేలియా జాతులకే మిగిలి, మన నల్లతుమ్మ వేచెలియా అయింది. విద్యార్థులు పాత పుస్తకాలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. బ్లాక్‌వుడ్ కలప ఇప్పుడు ప్రధానంగా టాస్మేనియా నుండి వస్తున్నది. బంగారు గోధుమ నుండి ముదురు గోధుమ వరకు రంగు మారుతుంది. బాగా వంగుతుంది, జిగురు చక్కగా పట్టుతుంది. లేత రంగు వెలుపలి చెక్కను పొడిపురుగు తొలుస్తుంది కనుక మెడకు చేవ మాత్రమే వాడాలి. దీని పొడి చర్మానికి, శ్వాసకు హానికరం. అందులోని అకామెలిన్ అనే క్వినోన్ పదార్థం అలర్జీని కలిగిస్తుంది. కోత యంత్రం వద్ద పనిచేసేవారికి ముసుగు, పొడిని లాగే ఏర్పాటు తప్పనిసరి.

యూకలిప్టస్ జాతుల కథ వేరు. పశ్చిమ ఆస్ట్రేలియాకు చెందిన జర్రా ఘనపు మీటరుకు 800 కిలోలు దాటుతుంది. అటువంటి మెడ గల గిటారును భుజాన తగిలించుకుంటే తల వైపు కిందకు జారుతుంది. టాస్మేనియన్ ఓక్ పేరిట అమ్మే మూడు యూకలిప్టస్ జాతులు బరువులో అనుకూలమైనవే గాని, ఆరేటప్పుడు వాటి కణాలు లోపలికి కుప్పకూలే స్వభావం ఉన్నది. ఆవిరి పట్టి ఆ ముడుతను చాలావరకు తిరిగి తీయవచ్చు. ఈ జాతులన్నింటిలో బంక నరాలు, పెరుగుదల ఒత్తిడులు సాధారణం. బంక నరం మెడ మధ్యలో వస్తే ఆ కర్ర పనికిరాదు.

మధ్య ఆస్ట్రేలియా ఎండుభూముల గిడ్జీ (అకేసియా కాంబేజియై) నీటిలో మునిగేటంత బరువు గల కలప. మెడకు పనికిరాదు. ఫింగర్‌బోర్డుకు మాత్రం నల్లచేవ మాను లేని లోటు తీర్చగలదు. మెట్ల తీగను గట్టిగా పట్టి ఉంచుతుంది, వేళ్ల రాపిడికి అరగదు. అయితే బరువైన పలకను తేలిక మెడ మీద అంటించినప్పుడు రెండూ ఒకే తేమ శాతానికి వచ్చి ఉండాలి. లేనిచో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ముడుచుకొని మెడ విల్లులా వంగుతుంది.

ఆరబెట్టడం

గాలిలో తేమ 65 శాతం ఉన్నచోట కలప సుమారు 12 శాతం తేమ వద్ద నిలకడ చెందుతుంది. 45 శాతం ఉన్న ఏసీ గదిలో 8, 9 శాతానికి దిగుతుంది. వానకాలపు కోస్తా గాలిలో 16 శాతం వరకూ ఎక్కవచ్చు. గిటారు ఈ మూడు వాతావరణాలలోనూ తిరుగుతుంది. మెడ కర్రను 8 నుండి 10 శాతానికి ఆరబెట్టి, ముతకగా కోసి, కొన్ని వారాలు నీడలో నిలువ ఉంచి, తిరిగి చిత్రిక పట్టడం మంచి పద్ధతి. మొదటి కోతలో విడుదలైన ఒత్తిడి వల్ల కర్ర కదలవలసినంత కదులుతుంది. రెండవ కోత ఆ కదలికను సరిచేస్తుంది. తొందరపడి ఒకేసారి తుదిరూపం ఇచ్చినవి మొదటి వేసవిలోనే బయటపడతాయి.

కొలిచి ఎంచుకొనే పద్ధతి

ఒకే జాతిలో చెట్టుకు చెట్టుకు, ఒకే చెట్టులో మొదలుకు, చివరకు తేడా ఉంటుంది. పుస్తకాలలోని సగటు అంకె చేతిలోని పలకను గురించి చెప్పదు. అదృష్టవశాత్తు ఆ పలకను కొలవడానికి ఖరీదైన ప్రయోగశాల అవసరం లేదు. తూకం, స్కేలు, పౌనఃపున్యం చూపే ఫోన్ యాప్ చాలు.

700 మి.మీ. పొడవు, 75 మి.మీ. వెడల్పు, 25 మి.మీ. మందం గల పలక 840 గ్రాములు తూగిందనుకుందాం. సాంద్రత 640 వస్తుంది. రెండు చివరల నుండి పొడవులో 22.4 శాతం దూరాన, అంటే సుమారు 157 మి.మీ. వద్ద, స్పాంజి ముక్కలు పెట్టి పలకను వాటిపై నిలపాలి. మధ్యలో వేలి కణుపుతో తట్టి మొదటి పౌనఃపున్యాన్ని గుర్తించాలి. ఆ పౌనఃపున్యాన్ని పొడవు వర్గంతో గుణించి, మందంతోను 1.028తోను భాగిస్తే కలపలో ధ్వని వేగం వస్తుంది. ఆ వేగపు వర్గాన్ని సాంద్రతతో గుణిస్తే స్థితిస్థాపక గుణకం లభిస్తుంది. కొలతలన్నీ మీటర్లలో ఉండాలి. 235 హెర్ట్జ్ వస్తే వేగం సెకనుకు సుమారు 4,480 మీటర్లు, గుణకం 12.8 గిగాపాస్కల్‌లు. అంతే బరువున్న మరొక పలక 205 హెర్ట్జ్ మాత్రమే పలికితే గుణకం 9.8కి పడిపోతుంది. కంటికి రెండూ ఒకటే, కాని రెండవదానిలో నార ఒరిగి ఉండవచ్చు, లోపల పగులు ఉండవచ్చు, తేమ మిగిలి ఉండవచ్చు. కళాశాల ప్రయోగశాలలో విద్యార్థులు టేకు, వేప పలకలతో కూడా ఈ పరీక్షను చేసి చూడవచ్చు.

సరఫరా, సాగు

ఉత్తర క్వీన్స్‌లాండ్ వర్షారణ్యాలు 1988లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన తరువాత అక్కడి ప్రభుత్వ అడవులలో కోత ఆగిపోయింది. విక్టోరియా, పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రాలలో సహజ అడవుల వాణిజ్య కోత 2024 ఆరంభానికి ముగిసింది. కాబట్టి ఇక ముందు మెడ కలప రావలసినది రైతుల భూముల నుండి, పాత భవనాలను విప్పిన దూలాల నుండి. న్యూజిలాండ్‌లో రైతులు బ్లాక్‌వుడ్‌ను పొలాలలో పెంచుతున్నారు. ఈ చెట్టు తనంతట తాను తిన్నగా పెరగదు. లేత వయసు నుండీ ఏటేటా కొమ్మలు కత్తిరించి ఒకే కాండాన్ని నిలపాలి. ముడులున్న లోపలి భాగం ఎంత సన్నగా ఉంటే, దాని చుట్టూ పెరిగే శుభ్రమైన కలప అంత ఎక్కువ.

మన ప్రాంతానికి దీనితో సంబంధం లేకపోలేదు. బ్లాక్‌వుడ్ 19వ శతాబ్దంలోనే నీలగిరులకు వచ్చి, అక్కడి గడ్డిమైదానాలలోకి చొరబడి సమస్య అయింది. చల్లని, తేమ గల వాతావరణం కోరే ఈ చెట్టును మన మైదానాలలో నాటమని సలహా ఇవ్వడం తగదు. మన వద్ద ఇప్పటికే పాతుకుపోయిన ఆస్ట్రేలియా చెట్లు వేరే ఉన్నాయి. కోస్తా సరుగుడు బరువైనది, ఆరేటప్పుడు పగులుతుంది, మెలితిరుగుతుంది. భద్రాచలం ప్రాంతపు క్లోనల్ జామాయిల్ కాగితపు గుజ్జు కోసం చిన్న వయసులోనే నరికేది కనుక పెరుగుదల ఒత్తిడులు తీరని సన్నని దుంగలే లభిస్తాయి. అరకు, పాడేరు కాఫీ తోటలలో నీడనిచ్చే సిల్వర్ ఓక్ మీది కిరణాల నగిషీ అందమైనది. నా ఉద్దేశంలో అది గిటారు దేహపు పైపలకకు అనువు. ఉత్తర ఆస్ట్రేలియాకు చెందిన అకేసియా ఆరిక్యులిఫార్మిస్, బ్లాక్‌వుడ్‌కు దగ్గరి బంధువు కనుక, పై పరీక్షకు ముందుగా పెట్టవలసినది. దాని కాండం వంకర అన్నది నిజమే. కాని గిటారు మెడకు కావలసినది 75 సెంటీమీటర్ల తిన్నని ముక్క మాత్రమే. దూలానికి పనికిరాదని పొయ్యిలోకి పంపే పొట్టి మొద్దులో కూడా అంతమాత్రం దొరకవచ్చు. కట్టె తూకం లెక్కన అమ్మే ముందు మొదలు భాగాన్ని వేరు చేసి, రెండు కొసలకు మైనం పూసి, నీడలో పేర్చి ఉంచమని రైతుకు చెప్పడం విస్తరణ శాస్త్రవేత్త నేడే చేయగల పని.