భక్త పోతన: చిత్రమందలి గుణదోషములు

మంచాల నుండి తూర్పుగా సాగినచో రాచకొండ గుట్టలు చేరుదుము. అవి ఒకనాడు పద్మనాయక ప్రభువుల రాజధాని. ఆ ప్రభువు భాగవతమును తనకు అంకిత మిమ్మని పోతనను నిర్బంధించెననియు, కాదన్నందుకు గ్రంథమును భూమిలో పాతిపెట్టించెననియు జనశ్రుతి. పోతన కథ చదువురానివారికి సైతము కన్నులకు కట్టినట్లుండుటకు 1943లో విడుదలయైన వాహినీవారి ‘భక్త పోతన’ చాలవరకు కారణము. కావున దాని మంచిచెడ్డలను సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

ముందు మంచిని చెప్పుకొందము. కె.వి. రెడ్డిగారు దర్శకత్వము వహించిన తొలి చిత్ర మిదియే యన్న నమ్మశక్యము కాదు. నాగయ్యగారు పోతనయై పాడుచుండగా నటుడు మరుగుపడి భక్తుడే మిగులును. ఆ కంఠములో ఆర్తి కలదు, ఆర్భాటము లేదు. మడి దున్ని బ్రదుకువాడును మహాకవి కాగలడను మాట సామాన్యుల హృదయమున నాటుకొన్నది.

ఇక లోపములు. పోతనను పెద్దచేయుటకై శ్రీనాథుని చిన్నచేయుట మాకు రుచింపలేదు. వారిరువురు బావమఱదులనుట కథయే కాని, చరిత్రలో దానికి ఆధారము లేదు. శ్రీనాథుని గూర్చి ప్రత్యేకముగా బాపుగారి చిత్రము వచ్చుటకు 1993 దాక వేచియుండవలసివచ్చెను.

రాజు సంగతియు నట్టిదే. రసార్ణవసుధాకరమను అలంకారశాస్త్ర గ్రంథము రాచకొండ ప్రభువు పేరనే వెలసినది. పోతన రచనగా చెప్పబడు భోగినీదండకము సింగభూపాలునికి సంబంధించినదే. అది పోతనదే యైనచో, రాజాశ్రయమును ఎఱిగి విడిచిన కవి మనకు కనబడును. ఎఱుగనివాని నిరాకరణముకంటె ఎఱిగినవాని త్యాగము గొప్పది కాదా? మహిమలు చూపుటలో మునిగి కథ ఈ అంతర్మథనమును విడిచినది.

మఱియొక కొఱత మన ఆడువారికే తోచును. రాజు కానుకలు వలదనుట భర్తకు వ్రతము. పూటకు గింజలు వెదకుట ఇల్లాలికి పని. ఆమె మనస్సును ఇంకను విప్పి చూపియుండిన చిత్రము నిండుదన మొందెడిది.

అయినను ఈ చిత్రమును పిల్లలకు తప్పక చూపుడు. చూపిన పిదప భాగవతము తెఱచి నాలుగు పద్యములు చదివింపుడు. రాచకొండ గుట్టలకు తీసికొనిపోయినపుడు, “దుష్టుడైన రాజు ఊరిది” అని మాత్రము చెప్పి ఊరకుండకుడు. కథ యెంతవరకో, చరిత్ర యెంతవరకో తల్లి చెప్పినచో బిడ్డ మరువడు.