గెలీనా రేణువు నుండి క్వాంటం బిందువు దాకా

గత దసరా సెలవులకు మా అన్నగారి కుమార్తె రాయ్‌పూర్ వచ్చినది. ఆమె రసాయనశాస్త్రంలో పరిశోధన చేయుచున్నది. పండుగ సందడిలోనూ ముఖం చిన్నబోయి ఉండుట చూచి కారణమడుగగా, చేతిఫోనులో ఆరు సీసాల చిత్రం చూపినది. అతినీలలోహిత దీపం కింద మొదటి సీసా నిప్పుకణిక వలె నారింజరంగున వెలుగుచున్నది. ఆరవ సీసాలో వెలుగు దాదాపు లేదు.

"పదార్థం ఒక్కటే బాబాయ్. శుద్ధి చేసినకొద్దీ ఇలా ఆరిపోతోంది. ఏడాదిగా ఇదే పని. మానేద్దామనిపిస్తోంది" అన్నది.

ఆ సీసాలలోనివి కాడ్మియం సెలినైడ్ క్వాంటం బిందువులు. మిల్లీమీటరులో పది లక్షల వంతు నానోమీటరు కాగా, ఇవి కొద్ది నానోమీటర్ల అర్ధవాహక స్ఫటికాలు. పరిమాణం మారితే రంగు మారును: చిన్నవి నీలివైపు, పెద్దవి ఎరుపువైపు. వీటిని కనుగొని, తయారుచేసే మార్గం చూపినందుకు ఎకిమోవ్, బ్రూస్, బావెండీలకు 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

ఇంత చిన్న స్ఫటికంలో మూడవ వంతుకు మించిన పరమాణువులు ఉపరితలంపైనే ఉండును. వాటికి ఒకవైపు తోడు ఉండదు. ఆ ఖాళీ చేతులను పట్టుకొను అణువులే లైగాండ్లు. ఓలియిక్ ఆమ్లం అట్టిదే. మన వేరుశనగనూనెలో సమృద్ధిగా ఉండునది. దాని తల కాడ్మియంను పట్టుకొనగా, పదునెనిమిది కార్బన్ల తోక బయటి ద్రావణిలోకి చాచుకొని ఉండును.

ఈ వర్ణన వినగానే మాకు మా విద్యార్థిదశ గుర్తుకు వచ్చినది. మేము చదివిన రాయ్‌పూర్ కళాశాల 1956లో గనుల, లోహశాస్త్ర కళాశాలగా వెలసినది; నేటి ఎన్.ఐ.టి. అదే. అచ్చట నేర్చిన నురుగు ప్లవన ప్రక్రియలోనూ ఇదే కథ. సీసపు ఖనిజమైన గెలీనా పొడికి చిటికెడు శాంథేట్ కలిపిన, దాని తల సీసాన్ని పట్టును, తోక నీటిని రోయును. రేణువు బుడగనెక్కి పైకి తేలును. ఆ రసాయనాన్ని కలెక్టర్ అందురు. (జిల్లా కలెక్టరు గారితో దీనికి సంబంధం లేదు.) గెలీనా అనగా లెడ్ సల్ఫైడ్. ఓలియిక్ ఆమ్లపు తొడుగుతో లెడ్ సల్ఫైడ్ క్వాంటం బిందువులను 2003లో తయారుచేసిరి!

మిల్లులో సోడియం సల్ఫైడ్ ఎక్కువైతే శాంథేట్ ఊడి రేణువు మునుగును. 2011లో షికాగోలో తలాపిన్ బృందం, అందులో తరువాత పుణె ఐసర్ ఆచార్యులైన అంశుమాన్ నాగ్, అదే సల్ఫైడ్ అయానుతో క్వాంటం బిందువుల కర్బన తొడుగును తొలగించిరి. పొడవైన తోకలు విద్యుత్తును అడ్డగించును గనుక సౌరఘటాలకు అట్టి మార్పిడి అవసరమే.

"దేనితో కడుగుచున్నావమ్మా?" అని అడిగితిమి. మెథనాల్‌తో, ఆరుసార్లట. మెథనాల్ ఓలియేట్‌ను ఊడదీయును. ఒక్కొక్కప్పుడు అది కాడ్మియంను కూడ వెంటబెట్టుకొని పోవును. ఒంటరిగా మిగిలిన సెలీనియం వద్ద ఆవేశాలు చిక్కుకొని, వెలుగు కావలసినది వేడిగా పోవును. ఆమె మలినమని కడిగినదానిలో తొడుగు కూడ ఉన్నదన్నమాట.

శుద్ధి ఎక్కువైతే మేలనునది మా లోహశాస్త్రజ్ఞులకు కూడ అలవాటైన భ్రమ. తొలినాళ్లలో ఈ స్ఫటికాలకు వాడిన ట్రైఆక్టైల్ ఫాస్ఫీన్ ఆక్సైడ్ స్వచ్ఛమైనదానికంటె తక్కువ రకమే బాగా పనిచేసెడిది. అందలి ఫాస్ఫోనిక్ ఆమ్లపు కల్తీయే అసలు పని చేయుచున్నదని తరువాత తేలినది.

కడుగుట రెండుసార్లకు తగ్గించి, మెథనాల్ బదులు అసిటోన్ వాడి, ఆరిన సీసాలో కొద్దిగా కాడ్మియం ఓలియేట్ చేర్చి చూడుమంటిమి. కాడ్మియం విషము గనుక చేతితొడుగులు మరువవద్దని కూడ చెప్పితిమి. అందుకు ఆమె నవ్వినది.

సంక్రాంతికి ఫోను వచ్చినది. ఆరవ సీసా మొదటిదానితో సమానం కాలేదట. కాని దీపం కింద పెట్టినప్పుడు రంగు నారింజ అని చెప్పగలిగేంత వెలుగు వచ్చినదట. రెండుసార్లు మాత్రమే కడిగిన కొత్త సరుకును కొలతకు పంపినదట.