కూలిన ఇల్లు – ప్రభుత్వం బాధ్యత ఎంత?

తుఫాను దాటిపోయిన రెండు మూడు రోజులకు కోస్తా పల్లెలలో వినిపించే ప్రశ్న ఒక్కటే: “రాసుకొనేవాళ్ళు వచ్చారా?” యజమాని పేరు, కప్పు ఎటువంటిది, గోడ పడిందా, బీటలే వారిందా – ఇవన్నీ రాసుకొని పోతారు. ఆ కాగితం మీద ఏమి పడిందన్న దానిని బట్టి ఆ కుటుంబం తిరిగి తన కప్పు క్రింద పడుకొనేది ఎన్నాళ్ళకో తేలుతుంది.

అసలు ప్రభుత్వం ఎందుకివ్వాలి, ఇల్లు ఎవరిదో నష్టమూ వారిదే కదా అని అడిగేవారున్నారు. మన సంఘాలలోనూ ఉన్నారు. అది కొట్టిపారవేయవలసిన ప్రశ్న కాదు గనుక కాస్త నిదానంగా ఆలోచిద్దాము.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు పదివేల మంది చనిపోయారు. 1996 నవంబరు 6న కోనసీమ తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్నే నేరుగా తాకినా మన రాష్ట్రంలో మరణాలు పదుల సంఖ్యలో ఆగాయి. ముందుగా హెచ్చరించడం, జనాన్ని తుఫాను షెల్టర్లకు చేర్చడం వలన కలిగిన మేలు ఇది. దేవునికి స్తోత్రం. కాని ఇంటిని నెత్తిన పెట్టుకొని షెల్టరుకు పోలేము కదా! ప్రాణంతో తిరిగివచ్చి, కూలిన గోడ ముందు నిలబడిన వారి సంగతి ఇప్పుడు మన ముందున్నది.

2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం, ఆపదలో పడినవారికి ఇవ్వవలసిన కనీస సహాయంలో ఇళ్ళ నష్టాన్ని కూడ చేర్చింది. ఇందుకు ప్రతి రాష్ట్రానికీ ఒక నిధి ఉన్నది. మన రాష్ట్రాల విషయంలో అందులో నూటికి 75 వంతులు కేంద్రానివి, 25 వంతులు రాష్ట్రానివి. 2022-26 సంవత్సరాలకు కేంద్రం నిర్ణయించిన లెక్క ప్రకారం, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, గుడిసెకు 8,000. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500 రూపాయలు, అదీ కనీసం నూటికి 15 వంతులు పాడైతేనే. ఆ 6,500తో రేకులెన్ని వస్తాయో, మేస్త్రీ కూలి ఎంత పోతుందో మా కంటె మీకే బాగా తెలుసు.

ఎందుకింత తక్కువ అంటే, ఇది సహాయమే గాని నష్టపరిహారం కాదని కేంద్రం చెబుతున్నది. ఈ ఒక్క విషయంలో ప్రభుత్వం మాట సబబే అనిపిస్తుంది. పోయిన సొత్తుకు పోయినంతా చెల్లించవలసి వస్తే, మేడ ఉన్నవానికి లక్షలు, పాక ఉన్నవానికి వేలు ముడతాయి. ఆ సొమ్ములో పాకలో ఉన్నవాడు కొన్న సబ్బుబిళ్ళ మీది పన్ను కూడ ఉంటుంది. ఇదేమి న్యాయం? కాబట్టి ప్రభుత్వం బాకీపడినది ఇంటి ఖరీదు కాదు, తలదాచుకొనే చోటు. అయితే ఆ చోటు వానకు, గాలికి నిలిచేది కావాలి. గుడిసె పోయినవానికి 8,000 ఇస్తే అతడు మరల గుడిసే వేసుకొంటాడు. వచ్చే తుఫానుకు మరల రాసుకొనేవాళ్ళు రావాలి.

ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. దెబ్బతిన్న ఇల్లు అనుమతి ఉన్న కట్టడమేనని అధికారి ధ్రువీకరించాలని ఆ నిబంధనలలో ఉన్నది. కాలువగట్టు మీద, పోరంబోకులో, పట్టా లేని స్థలంలో ఉన్న కుటుంబాల మాటేమిటి? ఈ షరతును గట్టిగా పట్టుకొంటే అందరికంటె ముందు కూలిన ఇళ్ళే అందరికంటె వెనుక నిలుస్తాయి. ఇసుక మీద ఇల్లు కట్టినవాని ఉపమానం ఎత్తి వీరిని తప్పుపట్టేవారి మాట విన్నాము. ఆ ఉపమానం ప్రభువు మాట విని దాని ప్రకారం చేయనివానిని గురించినది, బండ మీద సెంటు భూమి దొరకని వానిని గురించినది కాదు.

కాకినాడ దగ్గర ఉప్పాడ చూడండి. అక్కడ సముద్రం ఒక్క రాత్రిలో కాక ఏళ్ళ తరబడి కొంచెము కొంచెముగా ఊరిని కోసుకొని పోతున్నది. జాతీయ స్థాయిలో సహాయానికి గుర్తించిన 12 విపత్తులలో తుఫాను, వరద, ఉప్పెన ఉన్నాయి గాని తీరపు కోత లేదు. తుఫానులో కూలిన ఇంటికి ఒక లెక్క ఉన్నది, తుఫాను లేని రోజున అలలకు జారిపోయిన ఇంటికి అటువంటిది లేదు. కోత వలన నిరాశ్రయులైనవారి పునరావాసానికి 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశమంతటికీ 1,000 కోట్లు సూచించింది. ఇది మంచి ఆరంభమే, కాని మన దేశపు తీరం ఎంత పొడవో తలచుకొంటే చాలా చిన్నది.

ప్రభుత్వం ఇస్తుందన్న ధీమాతో జనం ప్రమాదకరమైన చోట్లనే కడతారని కొందరి వాదన. ఇది విహారానికి సముద్రపుటొడ్డున భవనం కట్టేవారికి తగిన మాట. తీరంలో కట్టడాలకు 1991 నుండి కేంద్రం నిబంధనలున్నాయి. వాటిని మీరి కట్టినవారు ప్రజల సొమ్ము అడగరాదు. జాలరి సంగతి వేరు. పడవ, వల ఉన్నచోటే అతడుండాలి. అది అతనికి విలాసం కాదు, బ్రతుకుతెరువు.

భీమా మాట కూడ చెప్పుకోవాలి. 2016లో మొదలైన ఫసల్ బీమాలో ఖరీఫ్ ఆహార పంటలకు రైతు నూటికి రెండు రూపాయలే కడతాడు, మిగిలిన ప్రీమియం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరిస్తాయి. పొలంలోని పంటకు చేసిన ఈ ఏర్పాటు, ఆ రైతు పడుకొనే ఇంటికి దేశవ్యాప్తంగా ఎందుకుండరాదు? స్తోమత ఉన్నవారు ఎవరి కోసమూ చూడక ఇప్పుడే ఇంటికి భీమా చేయించుకోవచ్చు. బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టినవారు తమకు భీమా ఉన్నదో లేదో ఒకసారి అడిగి తెలుసుకొనండి.

తుఫానుల కాలం రాకముందే మన యువజన సంఘాల వారు ఒక పని చేయవచ్చు. ఒక ఆదివారం ఆరాధన తరువాత ప్రతి ఇంటికి వెళ్ళి, నాలుగు వైపుల నుండి సెల్‌ఫోనుతో ఫోటో తీసిపెట్టండి. ఆధార్, రేషన్ కార్డు, ఇంటిపన్ను రసీదు, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచమనండి. నష్టం జరిగితే, అంచనా వేసేవారు రాకముందే శిథిలాలు తీసివేయకండి. వచ్చినప్పుడు “పూర్తిగా” అని రాశారా, “పాక్షికంగా” అని రాశారా అడగండి. తరువాత జాబితాలో పేర్లు సరిచూసుకొని, లేనివారి చేత తహశీల్దారుకు అర్జీ పెట్టించండి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరు కార్యాలయంలో అర్జీలు తీసుకొంటారు. గట్టు మీది కుటుంబాలకు పట్టా లేకపోయినా, వారి పేర కరెంటు బిల్లు ఉంటే అర్జీకి జతపరచండి. చదువు రానివారి వెంట ఎవరైనా ఒకరు వెళ్ళండి.