ముదిమి – మనోవేదన – మతిమరపు

నాన్నగారు గతించిన ఆరు మాసాలకు మా అమ్మగారు పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవటం ఆరంభమైంది. "వయస్సు మీద పడిందిలే" అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకున్నాము. ఆమెకు రాత్రులు నిద్ర లేదన్న సంగతిని ఎవరమూ పట్టించుకోలేదు. దిగులుకూ మతిమరపుకూ సంబంధమున్నదా అని నేను విచారించినది ఆ తరువాతనే.

మూత్రపిండాలపై టోపీలవలె అమరి ఉండే అధివృక్క గ్రంథులు ఆందోళన వేళ ఒక హార్మోనును స్రవిస్తాయి. మనిషిలో అది కార్టిసాల్, ఎలుకలో కార్టికోస్టెరాన్. ఆపదలో అది మిత్రుడే; నెలల తరబడి తిష్ఠ వేస్తే శత్రువు. జ్ఞాపకాలను పదిలపరచే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం ఈ హార్మోనును విశేషంగా గ్రహిస్తుందని 1968లో బ్రూస్ మెక్‌యూవెన్ బృందం ఎలుకలలో కనుగొన్నది. "ఇక చాలు" అని ఆ గ్రంథులను అదుపు చేయటంలో ఈ భాగానికీ పాత్ర ఉన్నది. వార్ధక్యంలో అది దెబ్బతింటే అదుపు సడలి, హార్మోను పెరిగి, మరింత హాని కలుగుతుందని 1986లో సపోల్‌స్కీ, క్రే, మెక్‌యూవెన్ ప్రతిపాదించారు.

1988లో కెనడాకు చెందిన మైకేల్ మీనీ బృందం మరొక విశేషం ప్రకటించింది. పుట్టిన తొలి మూడు వారాలు రోజుకు 15 నిమిషాలు చేతితో తాకిన ఎలుక పిల్లలకు ముసలితనంలో ఈ హార్మోను తక్కువగానూ, జ్ఞాపకశక్తి మెరుగుగానూ ఉన్నవి. అట్టి పిల్లలను తల్లి ఎక్కువగా నాకి లాలించటమే ఇందుకు ముఖ్య కారణమని తదుపరి పరిశోధనలు సూచించాయి.

అయితే జ్ఞాపకం తగ్గిన ముసలి ఎలుకలలో సైతం ఆ భాగపు కణాల సంఖ్య తగ్గలేదని 1996లో రాప్, గాలఘర్ చూపారు. కణాలు నశించకనే వాటి పనితీరు క్షీణించవచ్చునన్నమాట. మనుషులలో ఏళ్ల తరబడి కార్టిసాల్ పెరుగుతూ వచ్చిన వృద్ధులకు హిప్పోకాంపస్ చిన్నదిగా, జ్ఞాపకం తక్కువగా ఉన్నట్లు 1998లో లూపియెన్ బృందం తెలిపింది. అంతమాత్రాన ప్రతి మతిమరపుకూ దిగులే కారణమనరాదు.

చరకుడు మేధ్య రసాయనాలుగా సరస్వతి ఆకు, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి చెప్పాడు. ఇవి మతిమరపు వ్యాధిని మాన్పుతాయని నేను చెప్పజాలను. వైద్యుని సలహాపైననే వాడవలెను. ముందుగా థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి. ఆ లోపాలను సరిచేయవచ్చును. రాత్రి పాదాలకు నువ్వులనూనె మర్దన, పగలు కొంత నడక, పక్కన ఒక మనిషి – ఇవి ప్రతి ఇంటా సాధ్యమే.

మా అమ్మగారి మతిమరపు పూర్తిగా పోలేదు. నిద్ర మాత్రం పడుతున్నది. ఆమె పాదాలకు నూనె రాసేటప్పుడు, ఆరు మాసాలు ముందే ఈ పని చేసి ఉండవలసినదని నాకు తోస్తుంది.