డెబియన్ ఇంటికి సున్నం వేయడమంటే

2011 ఫిబ్రవరి 6న డెబియన్ 6.0 విడుదలైంది. అదే రోజు దాని వెబ్‌సైట్ కూడా కొత్త బట్టలు కట్టుకుంది. అంతకుముందున్న రూపు సుమారు 13 ఏళ్లు నడిచింది. ఆ తర్వాత మొదటి పేజీకి మళ్లీ సున్నం పడింది 2020 డిసెంబరు 17న, అంటే దాదాపు పదేళ్లకి. ఫోన్‌లో బ్యాంకు యాప్ వేషం మార్చిన ప్రతిసారీ బ్యాలెన్స్ ఎక్కడుందో వెతుక్కుంటున్న కాలంలో ఇదేం నత్తనడక అనిపిస్తుంది. లెక్కలు తీసి చూస్తే అలా అనిపించదు.

డెబియన్ ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే అమెరికన్ విద్యార్థి మొదలుపెట్టాడు. ప్రియురాలు డెబ్రా పేరులో ముందు ముక్కకి తన పేరు అతికించి డెబియన్ అన్నాడు. దీనికి యజమాని అంటూ ఏ కంపెనీ లేదు. డెవలపర్లు వెయ్యి మంది దాకా ఉంటారు, డెబియన్ వాళ్లకి జీతమివ్వదు. 2025 ఆగస్టు 9న వచ్చిన 13వ వెర్షన్‌లో 69,830 ప్యాకేజీలున్నాయి. ఉబుంటు వాడేవాళ్లు కూర్చున్నదీ ఈ అరుగు మీదే. ఇంత సరుకున్న కొట్టుకి బోర్డు బాగుండాలని అందరికీ ఉంటుంది. నిచ్చెన ఎక్కేదెవరన్నదే ప్రశ్న.

ఎక్కినవాడికి మొదట ఎదురయ్యేది రంగు కాదు, గోడ. ఈ సైటు పేజీలు డబ్ల్యూఎమ్‌ఎల్ అనే 1990ల నాటి పనిముట్టుతో రాసినవి. అందులో ఒక పేజీ 9 దశల దాకా వడకట్టుకుని గానీ హెచ్‌టీఎమ్‌ఎల్‌గా బయటికి రాదు. ఎవరు ఏం మార్చారో నమోదు చేసి ఉంచే పని 2018 దాకా సీవీఎస్ అనే పాత పనిముట్టుది. మిగతా ప్రపంచం దాని తర్వాతి తరం పనిముట్టు గిట్‌కి అలవాటు పడిపోయాక ఈ సైటు గిట్‌లోకి మారింది. ఈ తరం కుర్రాడెవరైనా ‘డిజైన్ నేను చూస్తా’నని హుషారుగా వస్తే, తనకన్నా వయసులో పెద్దదైన పనిముట్టుని ముందు మచ్చిక చేసుకోవాలి. చాలామంది హుషారు అక్కడే సగమైపోతుందని నా అనుమానం.

గదులు కూడా తక్కువేం కాదు. ఏదైనా ప్యాకేజీలో భద్రతా లోపం దొరికితే డెబియన్ వరస సంఖ్యతో ఒక ప్రకటన ఇస్తుంది. ఆ సంఖ్య 2021 నవంబరుకి 5,000కి చేరింది. ఒక్కో ప్రకటనకి ఒక్కో పేజీ ఉండేది. ఈ ఒక్క వరండాలోనే వేల తలుపులన్నమాట.

అసలు బరువు అనువాదాలది. మీ బ్రౌజర్ ఏ భాష అడిగితే ఆ భాష పేజీని సర్వరే ఎంచి ఇస్తుంది, అది ఉంటే. ఫ్రెంచి పేజీ మూలాన్ని తెరిస్తే ఒక వరసలో 40 అక్షరాల సంకేతం కనిపిస్తుంది. ‘ఇంగ్లిషు పేజీ ఫలానా స్థితిలో ఉన్నప్పుడు ఈ అనువాదం చేశాం’ అనడానికి గుర్తు అది. ఇంగ్లిషులో మాట మారితే ఆ సంకేతం పాతబడుతుంది, అనువాదకుడికి కబురు వెళ్తుంది. ఇప్పుడు చిన్న గుణకారం. మొదటి పేజీలో 12 వాక్యాలు మార్చారనుకుందాం, అనువాదాలు 20 భాషల్లో ఉన్నాయనుకుందాం. 240 వాక్యాలు. వాటిని తిరగరాసేది పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి అన్నం తిన్నాక కూర్చునేవాళ్లు. కామా దిద్దిన పాపానికి భాషలన్నీ పాతబడినట్టు చూపించకుండా ఉండటానికి విడిగా ఒక స్క్రిప్టే రాసుకున్నారు. ఆ స్క్రిప్టుని చూస్తే వాళ్ల కష్టం అర్థమవుతుంది.

అక్షరాలూ అన్నీ ఒక తీరుగా ఉండవు. డౌన్‌లోడ్ అనే మాటకి ఇంగ్లిషులో 8 బైట్లు సరిపోతాయి. తెలుగులో గుణింతాలూ పొల్లులూ, మధ్యలో కంటికి కనబడని గుర్తూ కలిపి 9 సంకేతాలు, ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 27. బైట్ల సంగతి అలా ఉంచినా, ఇంగ్లిషు ఎత్తుకి కొలిచి చేసిన బటన్‌లో మన వత్తుల తోకలు తెగిపోతాయి. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు ఉంది, అయితే బొమ్మల తెర ఉన్న రకంలోనే. ఉత్త అక్షరాల తెరకి వత్తులు పేర్చి గీయడం చేతకాదు.

ఇన్ని తెలిసినవాళ్లు కనుకనే 2020లో ఇల్లంతా పడగొట్టలేదు. గుమ్మం ఒక్కటే మార్చారు. లింకుల గుంపు పలచబడింది, డౌన్‌లోడ్‌కి చోటు పెరిగింది. మిగతా పనులు సాగుతూనే ఉంటాయని చెప్పి వదిలేశారు. ఆ సమయానికి అదే తెలివైన పని.

గుమ్మం మార్చినా తీరని తికమకలున్నాయి. బటన్ దగ్గర ‘64 బిట్ పీసీ’ అని ఉంటుంది, కిందికి దిగిన ఫైలు పేరులో ‘ఏఎమ్‌డీ 64’ అని ఉంటుంది. ఇంటెల్ కంప్యూటర్ ఉన్నవాడు ఇది నాది కాదేమో అని ఆగిపోతాడు. 2003లో ఏఎమ్‌డీ ఆ 64 బిట్ పద్ధతితో ముందు మార్కెట్లోకి వచ్చింది, మరుసటి ఏడాది ఇంటెల్ దాని బాటే పట్టింది. పేరు మాత్రం ముందొచ్చినవాడిదే ఉండిపోయింది.

అంతకన్నా పెద్ద చిక్కు వైఫైది. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై చిప్ పనిచేయాలంటే దాని తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాం కావాలి. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కనుక అధికారిక ఫైల్లో పెట్టేవారు కాదు. పెట్టిన ఫైలు ‘అనధికారికం’ అనే ఫోల్డర్లో ఎక్కడో లోపల ఉండేది. కొత్తగా వచ్చినవాడు పెద్ద బటన్ నొక్కి, అధికారిక ఫైలు దించుకుని, వైఫై రాక తల పట్టుకునేవాడు. ఆ బటన్ ఏ రంగులో ఉంటేనేం?

దాన్ని తీర్చింది డిజైనర్ కాదు, ఓటు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద డెబియన్ మాట ఇచ్చిన 1997 నాటి సామాజిక ఒప్పందంలో మాట మార్చాలంటే డెబియన్‌లో 3:1 ఆధిక్యం రావాలి. 2022లో ఫర్మ్‌వేర్‌ని అనుమతించే మార్పుకి ఆ ఆధిక్యం వచ్చింది. 2023 జూన్ 10న విడుదలైన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ అధికారిక ఫైల్లోనే ఉంటోంది. వైఫై కోసం ఆ అనధికారిక ఫోల్డర్‌కి దారి చెప్పాల్సిన పని డౌన్‌లోడ్ పేజీకి తప్పింది.