వాక్యము చెప్పుట నేర్చుకొనవలసినదే



మన గ్రామ సంఘములలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. “ఆయనకు ప్రసంగించే వరము ఉంది, మాకెక్కడిది?” అంటారు. ఈ మాట చెప్పుకొని ఎందరో యౌవనస్థులు వెనుక చాపమీదనే కూర్చుండిపోతున్నారు. వరము ప్రభువిచ్చేదే, సందేహము లేదు. అయితే పొలము ప్రభువిచ్చినా దున్నవలసినది మనమే గదా!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో ఒక్క పాస్టరుగారే రెండు మూడు గ్రామములు చూచుకొనే చోట్లున్నాయి. వర్షాకాలములో వాగు పొంగితే ఆ వారము ఆయన రానే లేరు. అట్టి దినమున సంఘపెద్దయో, సండేస్కూలు టీచరో, స్త్రీల సమాజపు సహోదరియో లేచి వాక్యము చెప్పాలి. వారు చెప్పలేకపోతే సంఘము ఆకలితో ఇంటికి పోతుంది. గనుక ప్రసంగము నేర్చుకొనుట ఎవరో ఒకరిద్దరి సరదా కాదు, సంఘమంతటి ఆహారమునకు సంబంధించిన పని.

నా మొదటి ప్రసంగము

నాకప్పుడు పంతొమ్మిదేండ్లు. మహబూబాబాద్ దగ్గర ఒక చిన్న పల్లెలో మా ఆరాధన. మిరపకాయ ఏరే కాలము. పాస్టరుగారికి జ్వరము వచ్చి, “రేపు నీవే చెప్పు నాయనా” అని కబురు పంపారు. రాత్రంతా కూర్చుని తొమ్మిది పేజీలు వ్రాసుకున్నాను. ఆదికాండములో బయలుదేరి ప్రకటన గ్రంథము దాకా పరుగెత్తాను. “చివరిగా ఒక మాట” అని మూడుసార్లు అన్నాను. యాభై నిమిషములు పట్టింది.

ఆరాధన ముగిసిన తరువాత అందరూ వచ్చి “చాలా బాగా చెప్పినవు” అన్నారు. నా గుండె పొంగిపోయింది. ఆఖరున ఒక అవ్వ వచ్చింది. చదువు రాని తల్లి, కూలికి పోయి బ్రతికేది. నా చేయి పట్టుకొని, “మంచిగ జెప్పినవ్ బిడ్డా. గని ఏం జెప్పినవో నాకు యాదికుంటలేదు. రేపు మిరపతోటల నా కోడలు అడిగితే ఏమని జెప్పాలె?” అన్నది.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మొదట కోపము వచ్చింది, తరువాత సిగ్గు వేసింది. ఇక ఎన్నడూ నిలువబడి మాట్లాడనని తీర్మానించుకున్నాను. మూడు నెలలు పాస్టరుగారి కంట పడకుండా తిరిగాను. చివరికి ఆయనే ఇంటికి పిలిపించి, టీ ఇచ్చి, “అవ్వ నిన్ను తప్పు పట్టలేదు నాయనా, ఆకలవుతోందని చెప్పింది. అన్నము వండేవాడు ఆ మాటకు అలుగుతాడా?” అన్నారు. ఆ ఒక్క మాటే నన్ను మరల నిలువబెట్టింది.

అపొల్లోకు కూడ దిద్దుబాటు అవసరమైనది

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయము తెరచి చూడండి. అపొల్లో అలెక్సంద్రియవాడు, విద్వాంసుడు, లేఖనములలో ప్రవీణుడు, ఆత్మయందు తీవ్రత గలవాడు. అయినా అతనికి యోహాను బాప్తిస్మము మాత్రమే తెలుసు. ప్రిస్కిల్ల, అకుల అతని ప్రసంగము విన్నారు. సమాజమందిరములో అందరి ఎదుట లేచి తప్పు పట్టలేదు. పోనీలే అని ఊరకుండనూ లేదు. తమయొద్దకు చేర్చుకొని దేవుని మార్గమును మరింత పూర్తిగా విశదపరచారు.

ఇక్కడ మూడు సంగతులు గమనించాలి. దిద్దినవారు డేరాలు కుట్టుకొని బ్రతికే భార్యాభర్తలు. దిద్దినది నలుగురిలో కాదు, చాటుగా. దిద్దించుకొన్న అపొల్లో ఆ తరువాత అకయకు వెళ్లి విశ్వాసులకు ఎంతో సహాయము చేశాడు. అంతటి విద్వాంసునికి దిద్దుబాటు అవసరమైతే మనకు అవమానమెందుకు?

ప్రభువు శిష్యులను కూడ ఇట్లే నేర్పించారు. అన్నీ నేర్చుకొన్న తరువాత పంపలేదు, నేర్చుకొంటుండగానే ఇద్దరిద్దరిగా పంపారు. వారు తిరిగి వచ్చి తాము చేసినవి, బోధించినవి అన్నీ ఆయనకు తెలియజేశారని మార్కు 6:30లో చదువుతాము. వెళ్లుట, చెప్పుట, తిరిగివచ్చి ప్రభువు ఎదుట లెక్క చెప్పుట, ఇదే వారి పాఠశాల.

దోర్నకల్ నేర్పిన పాఠము

ఈ సంగతి మన ప్రాంతమునకు క్రొత్త కాదు. మహబూబాబాద్ జిల్లాలోని దోర్నకల్‌కు 1909లో వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు మిషనరీగా వచ్చారు. ఆయన 1874లో తిరునల్వేలి ప్రాంతములో పుట్టిన తమిళుడు. పెద్దయిన తరువాత తెలుగు నేర్చుకొని, మన పల్లెల భాషలో సువార్త చెప్పారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు.

అంత పెద్ద అధ్యక్ష మండలములో పని నడిపించినది ముఖ్యముగా పల్లె పంతుళ్లు. బడి చెప్పేది వారే, ప్రార్థన నడిపేది వారే. అజరయ్యగారు, ఆయన భార్య అన్బుగారు పంతుళ్లతోపాటు వారి భార్యలకు కూడ తర్ఫీదు ఇప్పించారు. ఇంకొక సంగతి మనము మరువరాదు. బాప్తిస్మము పొందినవారు తల మీద చేయి పెట్టుకొని, తాము బాప్తిస్మము పొందినవారమనీ, సువార్త ప్రకటింపకపోతే తమకు శ్రమ అనీ పలికేలా ఆయన చేసేవారు. అది 1 కొరింథీయులకు 9:16లోని పౌలు మాట. 1930ల దశకములో సాక్ష్యపు వారములు జరిగినప్పుడు అక్షరము రాని విశ్వాసులు కూడ జట్లుగా ప్రక్క ఊళ్లకు వెళ్లి తమ నోటితో ప్రభువును గూర్చి చెప్పారు. చదువు వచ్చాక మాట్లాడుదువులే అని బిషప్పుగారు వారిని కూర్చోబెట్టలేదు.

సముద్రము అవతలి సంగతి కూడ ఒకటి. ప్రసిద్ధ ప్రసంగీకుడు స్పర్జన్ మొదటిసారి ప్రసంగించినది 1850లో, కేంబ్రిడ్జి దగ్గర టెవర్షామ్ అనే పల్లెలో, ఒక పూరింటిలో. అప్పటికి ఆయన వయస్సు పదహారేండ్లే. తోడు వచ్చినవాడు ప్రసంగిస్తాడని తాను అనుకున్నాడు, ఆ తోడివాడేమో ఇతడే చెబుతాడని అనుకున్నాడు! తరువాత 1856లో స్పర్జన్ సేవకుల కొరకు కళాశాల పెట్టినప్పుడు పాఠములు చెప్పుటతో సరిపెట్టలేదు. విద్యార్థులను లేపి, అప్పటికప్పుడు విషయమిచ్చి మాట్లాడించేవాడు.

మన ఊరిలో ఎట్లు చేయగలము?

మన జనగామ ప్రాంతము కథ చెప్పుటలో పేరు పొందినది. మాణిక్యాపురపు చుక్క సత్తయ్య ఒగ్గుకథను ఎంతో దూరము వినిపించారు. ఆ కథలు మన విశ్వాసమునకు చెందినవి కాకపోయినా వారి సాధన చూచి మనము సిగ్గుపడాలి. కథకుని ప్రక్కన నిలిచి వంత పాడుతూ నేర్చుకొంటారు, జనము ముఖము చూచి మాట నడక మార్చుకొంటారు. నిత్యజీవపు మాటలు చేతిలో పెట్టుకొన్న మనము సాధన చేయకుండ నిలువబడవచ్చునా?

పెద్ద ఖర్చు లేదు. నెలకొక సాయంత్రము ఆరేడుగురు ఒక ఇంటిలో కూడుకొనండి. ఇద్దరు చెప్పాలి, ఒక్కొక్కరికి పది నిమిషములే.

మొదటిది: ఒకే వాక్యభాగము, ఒకే సంగతి. ఆ సంగతిని ముందుగానే ఒక్క వాక్యములో కాగితము మీద వ్రాసి మడిచి పెట్టుకోవాలి.

రెండవది: చెప్పిన తరువాత చెప్పినవాడు మౌనముగా ఉండాలి. తన్ను తాను సమర్థించుకొనరాదు. విన్నవారు మూడు ప్రశ్నలకు జవాబియ్యాలి. ఏమి విన్నాము? ఎక్కడ అర్థము కాలేదు? రేపు ఏమి చేయాలి? అప్పుడు కాగితము విప్పి చూడండి. విన్నది, వ్రాసినది ఒకటైతే దేవునికి స్తోత్రము. కాకపోతే దిద్దుకోవలసిన చోటు దొరికినట్లే.

మూడవది: మొదట మేలు కలిగించిన సంగతి చెప్పి, తరువాత ఒక్క లోపము మాత్రమే చెప్పాలి. పది లోపములు ఒక్కసారే చెబితే లేతనారు మీద కుండపోత కురిసినట్లవుతుంది.

నాలుగవది: చదువు రాని తల్లిని, పన్నెండేండ్ల పిల్లవానిని తప్పక అడగండి. వారికి అర్థమైతే అందరికీ అర్థమైనట్లే.

అయిదవది: వచ్చే నెల అదే భాగమును దిద్దుకొని మరల చెప్పాలి. దిద్దుబాటు వినుట సగము పనే, దిద్దుకొని మరల చెప్పుట మిగతా సగము.

సెల్‌ఫోనులో రికార్డు చేసుకొని వినుట కూడ మంచిదే. అప్పుడు మన అలవాట్లు మనకే తెలుస్తాయి. మాట మాటకు “ప్రియులారా” అనుట, ఇరవైమంది ఉన్న గదిలో మైకు పట్టుకొని అరచుట, రానివారిని గూర్చి వచ్చినవారిని గద్దించుట, యూట్యూబులో విన్నవారి గొంతు అరువు తెచ్చుకొనుట, ఇవన్నీ బయటపడతాయి.

వినేవారి స్థితి కూడ మరువరాదు. భూపాలపల్లిలో బొగ్గుబావి రాత్రి షిఫ్టు దిగి నేరుగా ఆరాధనకు వచ్చిన తండ్రి కునుకు తీస్తే ఏమనగలము? పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగిస్తే ఐతుకు నిద్రపోయి మూడవ అంతస్తునుండి పడిపోయాడు. పౌలు అతనిని గద్దించలేదు, క్రిందికి దిగివెళ్లి కౌగిలించుకొన్నాడు!

విన్న సంఘమునకు ఒక మనవి

ప్రియులారా, ప్రతి ప్రసంగమునకు “చాలా బాగుంది” అనుట ప్రేమ కాదు. గుమ్మము దాటగానే ఎగతాళి చేయుట అంతకంటె కాదు. మొదటిది పిల్లవానిని ఎదగనీయదు, రెండవది వానిని మరల నిలువబడనీయదు. ప్రిస్కిల్ల, అకులవలె ఇంటికి పిలిచి, పెట్టి, ప్రేమతో నిజము చెప్పండి. నేర్చుకొనే తమ్ముడా, చెల్లెమ్మా, సాధన ప్రార్థనకు బదులు కాదు. మోకాళ్ల మీద మొదలుపెట్టి, పదిమందిలో దిద్దుకొని, మరల మోకాళ్ల మీదికే రండి.

నా రెండవ ప్రసంగము పన్నెండు నిమిషములలో ముగిసింది. పోయిన నాణెమును వెదకిన స్త్రీని గూర్చి చెప్పాను, వేరే ఏదీ చెప్పలేదు. గుమ్మము దగ్గర అవ్వ ఆగి, “ఇయ్యాల ఒక్కటి దొరికింది బిడ్డా. తోటల జెప్తా” అని వెళ్లిపోయింది. అప్పటినుండి ప్రసంగమునకు సిద్ధపడే ప్రతిసారి ఆమె ప్రశ్ననే నన్ను నేను అడుగుకొంటాను. రేపు తోటలో ఆమె ఏమని చెబుతుంది?

మీ ఊరి సంఘములో ఆ ప్రశ్న అడిగే అవ్వలను, దానికి అలుగని యౌవనస్థులను ప్రభువు లేపును గాక. ఆమేన్.