ఎడమ చెయ్యి కూడా నేర్చుకుంటుంది

మనం ఏ చేత్తో రాస్తాం? చాలామందిమి కుడి చేత్తోనే రాస్తాం. పదిమందిలో ఒకరికి మాత్రం ఎడమ చేతి వాటం ఉంటుంది.

పలక, బలపం తీసుకోండి. ఇప్పుడు రెండో చేత్తో మీ పేరు రాయండి. ఏమైంది? గీత వంకర పోయింది. బలపం జారింది. "ఇదేందక్కా, నా చదువు మళ్లీ మొదటికొచ్చింది!" అని నవ్వుకుంటారు.

ఎడమ చేతికి బలం లేదా? ఉంది. బిందె మోస్తుంది. వరి కోసేటప్పుడు పైరును ఒడిసి పట్టేది ఆ చెయ్యే. మరి అక్షరం ఎందుకు రాలేదు?

చేతిని నడిపేది మెదడు

మన తల లోపల మెదడు ఉంది. దానికి రెండు సగాలు. ఎడమ సగం కుడి చేతిని నడుపుతుంది. కుడి సగం ఎడమ చేతిని నడుపుతుంది. మెదడు నుంచి వచ్చే నరాలు దారిలో ఇటువి అటు, అటువి ఇటు దాటుకుంటాయి. అందుకే ఇట్లా ఉంటుంది.

ఉదయగిరిలో చెక్క స్పూన్లు, గరిటెలు చేసేవాళ్లను చూడండి. ఒక చెయ్యి ఆకురాయి నడుపుతుంది. రెండో చెయ్యి చెక్కను పట్టి తిప్పుతా ఉంటుంది. రెండు చేతులకూ పని వచ్చు. కానీ ఒక్కో చేతికి ఒక్కో పని వచ్చు. చేయగా చేయగా ఆ పని మెదడులో దారి పడుతుంది. చేనులో రోజూ నడిస్తే కాలిబాట పడినట్టే.

పెద్ద వయసులో కూడా దారి పడుతుందా? పడుతుంది. 1990ల మొదట్లో మన జిల్లాలో అక్షరదీపం నడిచింది. పగలంతా కూలికి పోయినవాళ్లు రాత్రిపూట అక్షరాలు దిద్దారు. 2017లో శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ఫలితాలు చెప్పారు. లక్నో దగ్గరి పల్లెల్లో చదువురాని పెద్దవాళ్లకు ఆరు నెలలు హిందీ చదవడం నేర్పారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. చదువుకు ముందు, తర్వాత మెదడును యంత్రంతో చూశారు. మెదడు పని చేసే తీరు మారింది.

తెలివి పెరుగుతుందా?

ఎడమ చేత్తో పళ్లు తోముకుంటే తెలివి పెరుగుతుందని కొందరు చెప్తారు. దానికి రుజువు లేదు. ఏది సాధన చేస్తే అదే వస్తుంది. ఈత నేర్చుకుంటే సైకిలు రాదు కదా!

ఎడమ చేతి వాటం ఉన్న బిడ్డలను కొట్టి కుడి చెయ్యికి మార్చవద్దు. అది తప్పు కాదు, రోగమూ కాదు. వాళ్ల మెదడు తీరు అది.

పక్షవాతం వస్తే

ఈ సంగతి నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడ. మెదడులో ఎడమ పక్క దెబ్బ తింటే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి. చాలామందికి మాట కూడా పోతుంది.

మూతి వంకర పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పసరు మందుల కోసం తిరగవద్దు. మెదడులో రక్తం గడ్డ కడితే దాన్ని కరిగించే సూది మందు ఉంది. దాన్ని నాలుగున్నర గంటల లోపల వేయాలి. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. ఆత్మకూరు నుంచి 50 పైనే. దారికే ఎంతో సమయం పోతుంది. ఇంటి దగ్గర ఆలస్యం చేయకూడదు.

ఇంటికి వచ్చాక ఇంకో పొరపాటు జరుగుతుంది. "అత్తా, నీకెందుకు శ్రమ? నేను తినిపిస్తాలే" అంటుంది కోడలు. ప్రేమతోనే అంటుంది. కానీ పడిపోయిన చెయ్యి ఊరికే ఉంటే ఇంకా వెనక్కి పోతుంది.

2006లో అమెరికా డాక్టర్లు ఒక పరిశోధన ఫలితాలు చెప్పారు. పక్షవాతం వచ్చి కొన్ని నెలలైనవాళ్లను తీసుకున్నారు. వాళ్ల మణికట్టు, వేళ్లు కొంచెం కదులుతా ఉన్నాయి. మంచి చేతికి రెండు వారాల పాటు తొడుగు తొడిగారు. బలహీనమైన చేత్తోనే పనులు చేయించారు. ఆ చెయ్యి బాగా మెరుగుపడింది. అయితే సొంతంగా చెయ్యి కట్టేయవద్దు. డాక్టరు, వ్యాయామం నేర్పేవాళ్లు చెప్పినట్టు చేయాలి.

కాబట్టి అత్త చేతికి గ్లాసు ఇవ్వండి. చిక్కుడుకాయలు ఒలవమనండి. ఆలస్యమైనా ఆగండి. ఒలికితే తుడుచుకోవచ్చు.

చేసి చూడండి

రోజూ పది నిమిషాలు ఎడమ చేత్తో మీ పేరు రాయండి. నెల తర్వాత మొదటి రోజు రాతతో పోల్చండి. కత్తి, కొడవలి, పొయ్యి దగ్గర మాత్రం ఎడమ చేతి సాధన వద్దు.

ఆలోచించండి

1. మన కుడి చేతిని మెదడులో ఏ సగం నడుపుతుంది?
2. పక్షవాతం వస్తే మొదట ఏం చేయాలి?
3. మీ ఊళ్లో చెయ్యి పడిపోయినవాళ్లు ఉన్నారా? వాళ్ల ఇంటికి పొయ్యి ఈ పాఠం చదివి వినిపించండి.